కరెంటు కోసం వేరుపడ్డాం

గద్వాలలోని మా ఇంట్లో అన్నదమ్ములం వేరుపడింది పొలం గట్టు దగ్గర కాదు, ఆడవాళ్ల మాట పట్టింపుల దగ్గరా కాదు. కరెంటు మీటరు దగ్గర. నేను ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. కోరికలు అపరిమితం, వనరులు పరిమితం అన్నది ఏటా నా మొదటి పాఠం. ఆ పాఠాన్ని మా హాల్లోనే గోడకు బిగించి పెట్టారని తెలుసుకోవడానికి మాత్రం నాకు ఒక వేసవి పట్టింది.

మా ఇంట్లో కింద హాలు, రెండు గదులు, వంటిల్లు. అక్కడ అన్న, వదిన, వాళ్ల ఇద్దరు పిల్లలు, అమ్మ. పైన రెండు గదుల్లో నేను, నా భార్య, మా పాప. పొయ్యి ఒక్కటే, కిందిది. ఏప్రిల్ వచ్చిందంటే పైగదుల్లో మనిషి ఉండలేడు. పగలంతా ఎండను మింగిన స్లాబు సాయంత్రం నుంచి తీరిగ్గా నెమరు వేస్తుంది. ఫ్యాను వేస్తే ఆ వేడిని గదిలో అందరికీ సమానంగా పంచుతుంది.

కిందటి ఎండాకాలం అన్న, నేను చెరిసగం వేసుకుని ఏసీ కొన్నాం. హాల్లో పెట్టించాం. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఎనిమిది మందిమీ చాపలు పరుచుకుని వరుసగా పడుకునేవాళ్లం. అమ్మ మొదట్లో ఒప్పుకోలేదు.

"ఫ్రిజ్‌ల వెట్టిన వంకాయ లెక్క అయితున్న, నాతోని గాదు బిడ్డా" అని దుప్పటి నెత్తిదాకా కప్పుకునేది. ఎవరైనా ఏసీ ఆపితే మాత్రం ఆ దుప్పటిలోంచే "ఎవర్రా బంద్ చేసింది?" అని గొంతు వినిపించేది.

తర్వాత బిల్లు వచ్చింది. మా దగ్గర రేషన్ కార్డు ఉన్న ఇంటికి నెలకు రెండు వందల యూనిట్ల లోపయితే సున్నా బిల్లు. దాటితే దాటినంత వరకే కాదు, మొత్తానికీ కట్టాలి. ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మిషను, బోరు మోటారు, ఎనిమిది మంది మనుషులు. మేము ఆ గీత దాటలేదు, గీతకు అవతల కాపురం పెట్టాం.

ఈ ఏడు ఎండలు ముదరకముందే అన్న నన్ను పక్కకు పిలిచాడు.

"తమ్మీ, ఊర్ల సగం మంది చేస్తుండ్రు. రెండో మీటర్ పెట్టిద్దాం. నీ పెండ్లయినంక నీ కార్డు ఎట్లాగు వేరేనే ఉన్నది. కాయితం మీద ఏర్పడ్డట్టు రాస్కుంటే అయిపాయె. రెండు జీరో బిల్లులు."

"ఏర్పడుడేంది అన్నా?"

"ఏ, ఉత్తగనేరా. కరెంటు కోసం."

మా వైపు వేరుపడటమంటే పెద్దమనుషులు కూర్చోవాలి, గొంతులు లేవాలి, ఒకరిద్దరు కండువాతో కళ్లు తుడుచుకోవాలి. మాకు అవేవీ లేకుండానే జరిగిపోయింది. ఒకే పెన్నుతో ఇద్దరం సంతకాలు పెట్టి, పక్క హోటల్లో ఒక చాయ్‌ని రెండు గ్లాసుల్లో పోయించుకుని తాగాం. విభజన ఆ చాయ్‌తో సరి అనుకున్నాను.

రెండో మీటరు ఇవ్వాలంటే రెండో వంటిల్లు కనబడాలన్నారు. వదిన అటక మీది పాత పొయ్యి దించి ఇచ్చింది. నా భార్య దాని పక్కన ఉప్పు ప్యాకెట్, పసుపు డబ్బా సర్దింది. చూడటానికి వచ్చిన లైన్‌మన్ పైకెక్కి దిగి, గడపలో కూర్చున్న అమ్మను అడిగాడు.

"అమ్మా, నువ్వు పెద్దకొడుకు తాన ఉంటవా, చిన్నకొడుకు తాననా?"

ఏం చెప్పాలో ముందే అన్న నేర్పి పెట్టాడు. అమ్మ అదంతా పక్కన పెట్టింది.

"నేను వాళ్ల తాన ఉండుడేంది? వాళ్లే నా తాన ఉంటుండ్రు."

అన్నకు పెద్ద దగ్గు వచ్చింది. లైన్‌మన్ నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. మీటరు వచ్చింది.

ఏ వస్తువు ఏ మీటరు మీద అన్న పంపకం కూడా అన్నే చేశాడు. ఏసీ ఒక్కటే చాలా తింటుంది కాబట్టి అది తన మీటరు మీద ఉండాలి. ఫ్రిజ్, వాషింగ్ మిషను, ఇంటిల్లిపాదికీ నీళ్లెక్కించే మోటారు నా మీటరు మీద ఉండాలి. అప్పుడు రెండూ గీత దాటవు, చల్లదనం మాత్రం అందరిదీ. నాకు ఎంత నచ్చిందంటే, శ్రమవిభజన పాఠంలో దీన్ని ఉదాహరణగా చెప్పాను. పిల్లలు నోట్సులో రాసుకున్నారు కూడా. వాళ్లకు నేను ఇంకా సవరణ చెప్పలేదు.

ఏప్రిల్‌లో రెండు మీటర్లకూ సున్నాలు వచ్చాయి. అన్న మిర్చీలు తెచ్చాడు. మే మొదట్లో వదిన ఒకరోజు అంది.

"మరిదీ, పాప ఊకూకె తలుపు తీస్తుంది. సల్లదనం నిలుస్తలేదు. మంది ఎక్కువైతే మజ్జిగ పల్చనైతది గద."

నేను నవ్వాను. సామెత సరైన చోట పడితే మెచ్చుకోవడం నాకు అలవాటు. ఆ మంది మేమేనని తట్టలేదు.

మే నెలలో ప్రైవేటు లెక్చరర్లకు పాఠాలుండవు, అడ్మిషన్లుంటాయి. ఇటిక్యాల పక్క ఊళ్లల్లో ఇంటింటికీ తిరిగి, పదో తరగతి పాసైన పిల్లల భవిష్యత్తుకు హామీ ఇచ్చి, ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చాను. నా భార్య పైగదిలో పాప ఒంటి మీద తడిగుడ్డ వేసి విసురుతోంది.

"కింద పండుకోలేదా?"

"గొళ్లెం పెట్టిండ్రు."

"చూసుకోలేదేమో."

"తలుపు కొట్టిన నాయినా" అంది పాప. "పెద్దమ్మ నిద్రపోయింది, పో అని పెద్దమ్మనే చెప్పింది."

సాయంత్రం అన్న వాకిట్లో బండి తుడుస్తుంటే అడిగాను. తల ఎత్తకుండానే జవాబు వచ్చింది.

"కరెంటోళ్లు మల్ల చెకింగ్‌కు వస్తుండ్రంటరా. రెండు సంసారాలు ఒక్కతాన కనవడితే మీటర్ గుంజుకపోతరు. జర కొన్ని దినాలు ఓర్చుకో."

నమ్మాను. అన్న చెప్తే నమ్మడం మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ నా డ్యూటీ. ఆ వారంలోనే హోటల్లో లైన్‌మన్ కనబడితే చెకింగ్ ఎప్పుడని అడిగాను.

"గీ ఎండలల్ల చెకింగా సార్? కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు చూస్కునేతందుకే పరేషాన్ అయితుంది. ఎవరు చెప్పిండ్రు మీకు?"

"ఎవరో అన్నరు" అన్నాను. మా అన్నను ఎవరో అనడం నాకు అదే మొదటిసారి.

ఇంటికొచ్చేసరికి హాలు తలుపు మూసే ఉంది. లోపల ఏసీ, బయట నా మీటరు మీద మోటారు, రెండూ దేని పని అది చేసుకుంటున్నాయి. తలుపు కొట్టాను. అన్న జానెడంత తెరిచాడు. నా పాదాలకు చల్లగాలి తగిలింది.

"లైన్‌మన్ కలిసిండు. చెకింగ్ ఏం లేదంట."

"లేకుంటే లేదు. అందరు పండుకుంటే తలుపు నిలుస్తలేదు, యూనిట్లు నిలుస్తలేవు. దాటితే కట్టేది నేనే గద?"

"ఏసీ ఇద్దరిది అన్నా."

"ఏసీ ఇద్దరిదే. మీటర్ నాది. నీకు లేదా మీటరు?"

"నా మీటర్ మీద మీ నీళ్లు ఎక్కుతున్నయి."

"అయితే బంద్ చేస్కో. ఏర్పడ్డమని సంతకం పెట్టినవ్ గద."

"ఉత్తగనే అంటివి."

"ఉత్త కాయితానికి ఎవడన్న సంతకం పెడతడారా, గంత సదువుకున్నోడివి?"

తలుపు మూశాడు. కోపంగా మూసినా బాగుండేది. చల్లదనం పోతుందని మెల్లగా, జాగ్రత్తగా మూశాడు.

మోటారు స్విచ్ దగ్గరకు వెళ్లి నిలబడ్డాను. నల్లా కింద బిందె పెట్టుకుని అమ్మ కూర్చుని ఉంది. బిందె నిండాక ఇంకోటి పెట్టుకుంది. స్విచ్ జోలికి పోకుండా పైకి వచ్చేశాను. నా భార్యకు జరిగింది చెప్పాను. ఆమె సిలిండర్ సంగతి కనుక్కొమ్మంది. రెండు రోజుల్లో మా అన్నం పైనే ఉడకడం మొదలైంది. కింద ఎవరూ ఎందుకని అడగలేదు.

మే చివర్లో వదిన మామిడికాయ తొక్కు పెట్టింది. ఒక స్టీలు గిన్నెలో వేసి అమ్మతో పైకి పంపింది. అమ్మ మెట్టు మెట్టుకూ ఆగుతూ వచ్చి, గిన్నె నా భార్య చేతికిచ్చి, "మీ అక్క పంపింది. కారం జర ఎక్కువైందంట" అంది.

నా భార్య తొక్కును సీసాలోకి తీసింది. గిన్నె కడిగింది, కొంగుతో తుడిచింది. చక్కెర డబ్బా మూత తీసి, పిడికెడు చక్కెర అందులో పోసి అమ్మ చేతికిచ్చింది.

అమ్మ ఆ చక్కెర వైపు చూసింది.

"గిదేందే?"

"ఉత్త గిన్నె ఎట్ల పంపాలె అత్తమ్మా?"

పక్కింటి వాళ్ల గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదన్న పద్ధతి నా భార్యకు నేర్పింది అమ్మే. అమ్మ ఒక చేత్తో గోడ పట్టుకుని, చక్కెర ఒలకకుండా చూసుకుంటూ మెట్లు దిగింది.