నాన్న వేసిన వదులు ముడి

మా నాన్న అసిరయ్య బాగుచేసిన వల మళ్లీ చిరగదని కళింగపట్నంలో ముప్ఫయ్యేళ్లుగా అనుకునేవారు. విని విని ఆయనకీ అదే నమ్మకం కుదిరిపోయింది. అదే మా కొంప ముంచింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది నాకు. ఆయన మీదే కాదు, నా మీద కూడా. రోజూ బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లి, ల్యాబులో వచ్చేపోయే వాళ్లందరి రక్తం తీసేదాన్నే గానీ, మా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న నాన్న చెయ్యి ఏమవుతోందో రెండేళ్లపాటు చూడలేదు.

నాన్న వేట మానేసి చాలా కాలమైంది. ఒడ్డున కూర్చుని వలలు బాగుచెయ్యడమే ఆయన పని. వల అంచుని కాలి బొటనవేలికి తగిలించి బిగలాగి, దారం చుట్టిన వెదురు సూదితో ఒక్కో కన్నూ అల్లుకుంటూ పోతాడు. ముడి బిగిసిందో లేదో కంటితో చూసుకోడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకసారి నలుపుతాడు, అంతే. నైలాను దారం జారుడు సరుకు కాబట్టి ఆ నలపడంలోనే ఉంది పనితనమంతా. పక్కనే కూర్చుని అదే పని చేసేవాడు ధర్మేంద్ర మావ, మా అమ్మ గున్నమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. మావకి పని నేర్పింది నాన్నే. 'బావా' అని మొదలెట్టాడంటే మావ నోరు సాయంత్రం దాకా ఆగదు. నాన్న ఊఁ కొడుతూ సూది ఆడించేవాడు.

నాన్నది ఎడమచేతి వాటం. ఆ చేతికే తిమ్మిరి పట్టుకుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. నిద్రలోంచి లేచి చెయ్యి విదిలించుకునేవాడట. గ్లాసు చేతిలోంచి జారిపోయేదట. చొక్కా బొత్తాలు అమ్మే పెట్టేదట. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. నాకు చెప్పొద్దని అమ్మ చేత ఒట్టేయించుకున్నాడు మహానుభావుడు! చెయ్యి పోయిందని ఒక్కడికి తెలిసినా మర్నాటినుంచి ఎవరూ వల ఇవ్వరని ఆయన భయం. అసిరయ్య చెయ్యి అన్న పేరు తప్ప ఆయన సంపాదించుకున్నది ఇంకేమీ లేదు. ఆ భయం నాకు అర్థం కాక కాదు. కానీ దాచుకోడానికైనా ఒక హద్దుండాలి కదా.

కిందటేడు వేసవిలో, చేపలు గుడ్లు పెట్టే కాలమని, వేట నిషేధం వచ్చింది. ఊళ్లో వలలన్నీ ఒడ్డుకి చేరాయి. జగన్నాధం బోటు వల పెద్దది, రెండు ముక్కల్ని కలపాలి. ఒక కొస నుంచి నాన్న, ఇంకో కొస నుంచి మావ మొదలుపెట్టి మధ్యలో కలిశారు. నిషేధం ఎత్తేశాక జూలైలో ఒకరోజు ఆ వలకి వంజరం గుంపు పడింది. పైకి లాగుతుంటే సరిగ్గా ఆ కలిపిన చోటే వల విడిపోయింది. సగం వలా చేపలూ సముద్రం పాలయ్యాయి. తాడు పట్టుకున్న నరసింగరావు, అంటే జగన్నాధం తమ్ముడు, వెనక్కి పడి భుజం విరగ్గొట్టుకున్నాడు.

ఆ రోజు ఆదివారం కావడంతో నేనూ ఒడ్డునే ఉన్నాను. తమ్ముణ్ణి ఆటోలో ఎక్కించి వచ్చిన జగన్నాధం నేరుగా మావ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అసిరయ్యన్న ముడి ఊడదురా. ఊరందరికీ తెల్సు. మరి నువ్వేటి సేసినావో నువ్వే సెప్పు."

మావ వంగి చిరిగిన అంచుని చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నాన్న వైపు చూశాడు. నాన్న తలెత్తలేదు. మావ వల కింద పెట్టేసి, ఒక్క మాటైనా అనకుండా ఇంటికి వెళ్లిపోయాడు. అంత వాగుడుకాయ నోరు విప్పలేదంటే తప్పు ఒప్పుకున్నట్టేనని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఆ తర్వాత మావకి ఎవరూ వల ఇవ్వలేదు. వినాయకచవితి వెళ్లగానే పెళ్లాంబిడ్డల్ని ఆమె పుట్టింట్లో దింపి, గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద కూలికి వెళ్లిపోయాడు. అమ్మ రైలు దాకా వెళ్లి సాగనంపి వచ్చింది. నాన్న వెళ్లలేదు.

జనవరిలో ఒక పొద్దున్న ఇంటికి వెళ్తే నాన్న చూపుడువేలు మీద రూపాయంత బొబ్బ కనిపించింది. కాలిన గిన్నె పట్టుకున్నాడట, కాలినట్టే తెలియలేదట. నాకు ఒళ్లు తెలియలేదు.

"నీకు బుద్ధుందా నాన్నా? వేలు కాలితే తెలీకపోవడమేంటి?"

"కుసింత తిమ్మిరి గదే. దానికే ఇంత గోలేటి?" అన్నాడు.

అప్పుడు అమ్మ ఒట్టు గట్టునపెట్టి అంతా కక్కేసింది. మర్నాడే ఆయన్ని శ్రీకాకుళంలో డాక్టర్ అనూరాధగారి దగ్గరికి లాక్కుపోయాను. ఆవిడ మణికట్టు వంచి చూశారు, వేళ్ల మీద దూదితో రాసి చూశారు, నరాల పరీక్ష చేయించారు. మణికట్టు దగ్గర ఇరుకు సందులోంచి ఒక నరం వేళ్లకి వెళ్తుందనీ, ఏళ్ల తరబడి ఒకే పని చేస్తే కొందరికి అక్కడ వాపొచ్చి నరం నలిగిపోతుందనీ చెప్పారు.

"కోత్తారేటమ్మా?" అన్నాడు నాన్న.

"ఇప్పుడే అక్కర్లేదండీ. నరం ఇంకా పూర్తిగా దెబ్బతినలేదు. ముందు మణికట్టులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి చూద్దాం. వాపు తగ్గితే నరానికి ఊపిరాడుతుంది."

స్టెరాయిడ్ అనగానే నాన్న కుర్చీలోంచి లేవబోయాడు. అది పడితే ఎముకలు గుల్లయిపోతాయని ఎవరో చెప్పారట. ఆవిడ విసుక్కోకుండా కూర్చోబెట్టారు. రోజూ మింగే మాత్రల సంగతి వేరనీ, ఇది ఒక్క చోట వేసే చిన్న మోతాదనీ, మాటిమాటికీ వెయ్యరనీ చెప్పారు. నాన్నకి షుగరు ఉంది కాబట్టి అది కొన్నాళ్లు పెరగొచ్చు, చూసుకోమన్నారు. చివర ఇంకో మాట కూడా అన్నారు. "ఇది శాశ్వతం అని మాటివ్వలేను. కొందరికి నెలల తర్వాత మళ్లీ వస్తుంది. అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచిద్దాం. పని మాత్రం తగ్గించుకోవాలి."

సూది దిగుతున్నప్పుడు నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. నాకు ఊహ తెలిశాక ఆయన అలా పట్టుకోవడం అదే మొదలు. నా కోపమంతా అక్కడే కరిగిపోయింది. ఏడుపొచ్చింది.

రెండ్రోజులు నొప్పి ఇంకా ఎక్కువైంది. నన్నూ డాక్టర్‌నీ కలిపి తిట్టాడు. రాత్రిళ్లు మణికట్టుకి పట్టీ కట్టుకుని పడుకోవడం నామోషీ అన్నాడు. వారం తిరిగేసరికి తిట్లు ఆగాయి. మూడో వారానికి బొత్తాలు తనే పెట్టుకున్నాడు. ఊళ్లో మాత్రం చెయ్యి బెణికిందనే చెప్పుకున్నాడు.

ఫిబ్రవరిలో ఆయన షుగరు చూద్దామని పొద్దున్నే వెళ్లాను. అమ్మ పెరట్లో నెత్తళ్ల చేపలు ఎండబోసి, కాకులు వాలకుండా పాత వల ముక్క కప్పుతోంది. ఆ ముక్క జగన్నాధం వలలో మిగిలిన సగమే. ఎందుకూ పనికిరాదని పారేస్తే అమ్మ తెచ్చుకుంది. గాలికి లేవకుండా అంచున రాళ్లు పెడుతున్న నాన్న చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఒక ముడిని వేళ్ల మధ్య నలిపాడు. దాని పక్కది నలిపాడు. అలా గజం దూరం ముడి ముడీ నలుపుకుంటూ వెళ్లాడు.

"ఉషా, ఇలగ రా. ఇది లాగు."

లాగాను. ముడి జారిపోయింది. ఇంకోటి చూపించాడు, అదీ జారింది. దూరంగా ఉన్నదొకటి చూపించాడు. ఎంత లాగినా కదల్లేదు.

"ఇది ధర్మేంద్రది. ఆడి ముడి కుడికి తిరుగుతాది. నాది ఎడంకి. మా ఇద్దరికీ తప్ప ఇంకెవడికీ తెల్దు."

అమ్మ చేతిలో చేట అలాగే ఉండిపోయింది. "ఒలమ్మో! అంటే నా తమ్ముడు సేసింది కాదా? మరి ఆ పొద్దు నువ్వు సూడలేదేటి?"

"సూస్తే తెలిసిపోతాదని సూడలేదే," అన్నాడు నాన్న.

అమ్మ గట్టిగా ఏడవలేదు. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. అప్పుడు నేనన్న మాట చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. "ఇప్పుడెందుకు నాన్నా? చెయ్యి ఇప్పుడే బాగైంది. ఏప్రిల్లో జగన్నాధం కొత్త వల ఇస్తానన్నాడు కదా. మావకి మనలో మనం చెప్పుకుందాం, ఊరికెందుకు?" అన్నాను. నాన్న నా మొహంలోకి చూశాడు. కండువా భుజాన వేసుకుని బయల్దేరాడు. ఆయన వెనకే వెళ్లాను.

బోట్లు అప్పుడే ఒడ్డుకొచ్చాయి. జగన్నాధం, నరసింగరావు, ఇంకో పదిమంది వలలు దులుపుతున్నారు. నాన్న వాళ్ల మధ్య నిలబడ్డాడు.

"జగన్నాధం, ఊడిన ముడి నాది. ధర్మేంద్రది కాదు. రెండేళ్ల బట్టి నా సేతికి స్పర్శ నేదు, దాసినాను. ఇంజీషను ఏయించుకున్నాక తెలిసినాది. నరసింగా, నీ బుజం ఇరిగింది నా వల్లే."

నరసింగరావు భుజం ఇంకా పూర్తిగా లేవదు. అతను నాన్నని కాసేపు చూసి, పట్టుకున్న వల వదిలేసి బోటు అవతలికి వెళ్లిపోయాడు. జగన్నాధం తమ్ముడు వెళ్లిన వైపు చూశాడు. "ఎంతపని సేసినావు అసిరయ్యన్నా! కొత్త వల ఏరేవోళ్లకి ఇస్తాను, ఏటనుకోకు," అన్నాడు. నాన్న తలూపాడు. ముప్ఫయ్యేళ్ల పేరు పోవడానికి ఐదు నిమిషాలు పట్టలేదు.

ఇంటికొచ్చి మావకి ఫోను కలపమన్నాడు. కలిపి స్పీకరు పెట్టాను. అమ్మ తలుపు తీసుకుని వచ్చి గడపలో నిలబడింది. నాన్న సంగతంతా చెప్పాడు. అవతల బోటు ఇంజను చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడులోంచే మావ అన్నాడు.

"నాకు తెల్సు బావా. ఆ పొద్దే తెల్సు. ముడి ఎడంకి ఉన్నాది."

"మరి సెప్పవేటిరా!"

"సెప్తే నీ సేతికి మరెవడు వలిస్తాడు? నీ సెయ్యి బాగోలేదని నాకు ఎప్పుడో తెల్సు. గ్లాసు ఒగ్గేసీవోడివి గదా. ఊరోళ్లు అంటే అన్నారు, దానికి బాధ నేదు బావా. నువ్వొక్కపాలి నన్ను అడుగుతావనుకున్నాను. రైలెక్కీవరకూ సూసినాను. నువ్వు రానేదు."

"తప్పయిపోనాదిరా, తప్పయిపోనాది," అని నాన్న రెండు చేతులూ ఆ ఫోనుకి జోడించాడు. నేనూ అమ్మా ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

"సర్లే బావా, ఊరుకో," అన్నాడు మావ. "ఇంతకీ సెయ్యి ఎలగున్నాది ఇప్పుడు?"

నాన్న చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. ఫోను నేనే తీసుకుని, బాగానే ఉంది మావా అని చెప్పాను.