చూపించడానికి కట్టిన ఇల్లు

మా పెద్దమ్మ ఇరవై ఏళ్లు చీపురు పట్టింది గానీ ఏ సర్కారు కాగితంలోనూ ఎక్కలేదు. ఎక్కిన ఒక్క కాగితమూ ఆమె కొంప ముంచబోయింది.

పేదవాళ్ల కోసం ప్రభుత్వం నాలుగంతస్తుల ఇళ్లు కట్టించింది. డబ్బు విదేశీ బ్యాంకు వాళ్లిచ్చిన అప్పు. ఆరు నెలలకోసారి వాళ్లు వచ్చి, కట్టిన ఇంట్లో మనుషులు కాపురం ఉంటున్నారని కళ్లారా చూస్తేనే తర్వాతి విడత ఇస్తారు. ఇళ్లయితే లేచాయి గానీ నీళ్ల గొట్టాలు వేయలేదు, అందుకని ఎవరికీ ఇవ్వలేదు. ఎవరికీ ఇవ్వని ఇంట్లో కాపురం ఎవరు చేస్తారు? ఇంజనీరుగారు బుర్ర గోక్కుని, సైటు ఊడ్చే మా పెద్దమ్మను పిలిచారు.

"మూడో అంతస్తులో ఒక్క పూట కాపురం చెయ్యమ్మా. గిన్నెలు మీవే తెచ్చుకో. మసి పట్టినవి తే, కొత్తవి పెడితే వాళ్లు నమ్మరు."

గిన్నెలు అద్దాల్లా తోముతుందని మా పెద్దమ్మకు పేరు. అలాంటిది మూడు రోజులు తోమడం మానేసింది. ఆ అవమానం ఇప్పటికీ చెప్పుకుంటుంది. మా పెదనాన్నకు కుర్చీలో కూర్చునే పని అప్పగించారు. దానికి ఆయనకు ట్రైనింగ్ అక్కర్లేకపోయింది. పెద్దమ్మ పొద్దున్నే ఇరవై బిందెలు మేడ మీదికి మోసి ట్యాంకులో పోసింది.

బ్యాంకు నుంచి వచ్చిన పొడుగావిడ, దుబాసీ చేత "నీళ్లు వస్తున్నాయా?" అని అడిగించింది. "వస్తున్నాయమ్మా," అంది పెద్దమ్మ. మోసింది తనే కాబట్టి అబద్ధం కాదని ఆమె ఉద్దేశం. ఫోటో తీశారు. వాళ్ల కారు మలుపు తిరగ్గానే ఇంజనీరుగారు ఇంటికి తాళం వేశారు. వీళ్లు గిన్నెలు నెత్తిన పెట్టుకుని కాలువ గట్టు మీది రేకుల షెడ్డుకి వెళ్లిపోయారు. అలా నాలుగుసార్లు కాపురం పెట్టి, నాలుగుసార్లు ఎత్తేశారు.

ఈలోగా గట్టు మీది షెడ్లు తీసేస్తామని నోటీసు వచ్చింది. పెద్దమ్మ ఆ కొత్త ఇళ్లలో ఒకదాని కోసం దరఖాస్తు పెట్టింది. అది రాకపోతే వాళ్లకు వేరే చోటు లేదు. జాబితా వచ్చింది, ఆమె పేరు రాలేదు. ఇద్దరం ఆఫీసుకి వెళ్లాం.

"మీకు ఇచ్చేశాం కదమ్మా," అని గుమాస్తా బ్యాంకుకి పంపిన రిపోర్టు తిప్పి చూపించాడు. పొయ్యి దగ్గర నవ్వుతూ పెద్దమ్మ, పక్కన మసి గిన్నెలు, కుర్చీలో పెదనాన్న. "ఇంటిల్లిపాదికీ ఒకటే ఇల్లు. రెండోది కావాలంటే ఎలా?"

నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపు పెద్దమ్మ ఆ ఫోటోను తీరిగ్గా చూసి, "ఈ ఇల్లు నాదేనంటావా బాబూ?" అంది.

"మీదే. రాసుంది కదా."

"అయితే సరే."

దారిలో మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఐదోసారి బ్యాంకు వాళ్లు వచ్చి వెళ్లాక ఇంజనీరుగారు తాళంకప్పతో వచ్చి, "ఇక బయల్దేరమ్మా," అన్నారు.

"ఎక్కడికి బాబూ? ఈ ఇల్లు నాదేనని మీ ఆఫీసులోనే చెప్పారు."

ఆయన ముఖం ఎర్రబడి, ఆ తర్వాత నల్లబడింది. ఆమెను గెంటాలంటే ఇన్నాళ్లూ ఇల్లు ఖాళీ అని ఆయనే రాసివ్వాలి. రాస్తే విడత ఆగుతుంది. తాళంకప్ప జేబులో వేసుకుని మెట్లు దిగారు. పెదనాన్న కుర్చీలోంచి లేవలేదు.

ఆరు నెలలు పెద్దమ్మ రోజూ మూడంతస్తులూ నీళ్లు మోసింది. గిన్నెలు మళ్లీ తళతళలాడాయి. ఆరోసారి బ్యాంకు వాళ్లు వస్తున్నారనీ, ఎప్పట్లాగే ట్యాంకు నింపమనీ ఇంజనీరుగారు కబురు పెట్టారు. "అలాగే," అంది.

ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. పొడుగావిడ వచ్చింది. ఇంజనీరుగారు నవ్వుతూ నిలబడ్డారు. "నీళ్లు వస్తున్నాయా?" అని దుబాసీ అలవాటుగా అడిగాడు.

పెద్దమ్మ కుళాయి తిప్పింది. బుస్సుమని గాలి వచ్చింది.

"రావట్లేదమ్మా," అంది. "మా ఇంట్లో ఒక్కరోజు కూడా రాలేదు."