ఇంజిన్ మూత మీద కాలు

"ఏందన్నా, తాగి ఎక్కినవా? కాలు తియ్యి!" అని బస్సులో అందరి ముందూ అరిచాను. గోదావరిఖని నుంచి నా పక్కన కూర్చున్న రిటైర్డు గని కార్మికుడు, కాలిపోతున్న ఇంజిన్ మూత మీద ఆనించిన పాదాన్ని అప్పుడే చూసుకున్నాడు. మడమ బొబ్బలెక్కింది.

"తాగలే తమ్మీ. షుగరు. కాలికి సురుకు తెలుస్తలేదు," అన్నాడు.

వేడికీ మిరపకారానికీ నరాల కొసల్లో తెరుచుకునే ద్వారం ఒకటేననీ, షుగరు ముదిరితే ఆ నరాలు మొద్దుబారతాయనీ కిందటి వారమే పత్రికలో నా సైన్సు శీర్షికలో రాశాను. అలాంటి మనిషే ఎదురుపడితే పోల్చుకోలేకపోయాను. ఆ సంగతి చెప్పి, తప్పయిందన్నాను.

"గా దర్వాజ మల్ల తెరుసుకుంటదా?" అని అడిగాడు.

బసంత్‌నగర్‌లో చెప్పు చేతపట్టుకుని దిగిపోయాడు. ఆయన ప్రశ్నను ఇప్పటికీ నేను ఏ డాక్టరునూ అడగలేదు.