టైలరమ్మ రాసిన జనం లెక్క

ఆ ప్రాంతంలో కొత్త గుడ్డ కుట్టించుకునేవాళ్ళు కరువై చాలా కాలమైంది. టైలరమ్మ దగ్గరికి వచ్చేవన్నీ పాతవే. తండ్రి చొక్కా కొడుక్కి సరిచేయమని ఒకరు, చిక్కిపోయిన నడుముకి ప్యాంటు బిగించమని ఇంకొకరు, చిరిగిన కర్టెన్లని దిండు గలీబులుగా కుట్టమని మరొకరు. బేరమాడటం మాత్రం ఎవరూ మానలేదు. నూలు మిల్లు మూతపడ్డాక కాళ్ళూ చేతులూ ఆడేవాళ్ళంతా పట్నం దారి పట్టారు. మిగిలింది ముసలివాళ్ళూ, చంటిపిల్లల తల్లులూ, మిల్లులో దూది పీల్చి పీల్చి ఊపిరితిత్తులు గుల్ల చేసుకున్న మగవాళ్ళూ. టైలరమ్మ మొగుడు ఆ మూడో రకం. ఒకప్పుడు మిల్లులో మేస్త్రీ, పదిమందిని అదిలించి పని చేయించిన మనిషి. ఇప్పుడు మంచం మీంచి కుట్టుమిషను దాకా రావాలంటే మధ్యలో కుర్చీలో కూలబడి ఆయాసం తీర్చుకోవాలి.

ఆయన్ని బతికిస్తున్నది వీధి చివర చిన్నాసుపత్రి. రెండే గదులు, మూతికి పెట్టే ఆక్సిజన్ గొట్టం, ఎప్పుడూ చిరాకుపడుతూనే రోజూ తప్పకుండా వచ్చే డాక్టరు. అంతా ఉచితం. వెనకబడిన ప్రాంతాలకు ప్రభుత్వం ఇచ్చే డబ్బుతో అది నడుస్తోంది. ఏది వెనకబడిందో ఏది కాదో మళ్ళీ తేలుస్తామంటూ, జనాన్నీ వాళ్ళ సంపాదననీ లెక్క రాయించడానికి పట్నం నుంచి ఓ ఆఫీసరమ్మ దిగింది.

"బయటివాళ్ళు అడిగితే జనం దాస్తారండీ. మీరంటే వాళ్ళ మనిషి. మీ దగ్గర దాపరికం ఉండదు కదా," అని టైలరమ్మకి పని అప్పగించింది. చదువుకున్న బుర్ర, కాదనడానికి మనమెవరం. కాకపోతే షరతులున్నాయి. ఈ లెక్క దేనికోసమో ఎవరికీ చెప్పకూడదు, చెబితే జవాబులు వంకరపోతాయట. వాళ్ళు చెప్పింది చెప్పినట్టే రాయాలి. ఇక ఎవరిల్లు వాళ్ళు రాసుకోకూడదు. టైలరమ్మ ఇల్లు పక్క వీధి లెక్క రాసే సైకిలు షాపతను రాస్తాడు.

ముందు వడ్రంగి ఇంటికి వెళ్ళింది. రంపానికి సాలెగూడు పట్టింది. ఆయన ప్యాంటు నడుము తను మొన్ననే రెండోసారి బిగించింది.

"పనెలా ఉంది మావయ్యా?"

"పనికేం తల్లీ, చేతినిండా ఉంది. ఊపిరాడటం లేదనుకో."

"నిజంగానా?"

"అంటే, నా మాట మీద నమ్మకం లేదా?"

రాసుకుంది. రాయక ఏం చేస్తుంది.

తరవాత వెళ్ళిన ఇంట్లో వరసకి పిన్ని ఒంటరిగా ఉంటుంది. ఇద్దరు కొడుకులూ పట్నం వెళ్ళి ఇటు తొంగిచూడటం మానేశారు. సింకు పక్కన కడిగి బోర్లించిన కప్పు ఒకటే ఉంది.

"ఇంట్లో ఎంతమంది ఉంటారు పిన్నీ?"

"ఎంతమందేమిటే, అందరం ఉంటాం."

"తమ్ముళ్ళు ఇక్కడ ఉండటం లేదు కదా."

"నీ మిషను మీదే కదా వాళ్ళ నిక్కర్లు కుట్టింది. ఆ చేత్తోనే లేరని రాస్తావా? ఉన్నారు. బాగా సంపాదిస్తున్నారు. అదీ రాయి."

అదీ రాసింది. నాలుక చివరి దాకా వచ్చింది, "ఇలా గొప్పలు పోతే మన ఆసుపత్రి ఎత్తేస్తారు పిన్నీ" అని. మింగేసింది. ఒకరి చెవిన వేస్తే సాయంత్రానికల్లా వీధి వీధంతా తెలుస్తుంది, తన పని ఊడుతుంది. ఇంకో కారణం కూడా ఉంది, ఆవిడ పైకి ఒప్పుకోదు గానీ. టైలరు దగ్గర ఎవరి గుట్టు దాగుతుంది? నీ దగ్గర ఏమీ లేదని నాకు తెలుసులే అని మొహం మీద అన్నాక ఇక తన గడప ఎవరు తొక్కుతారు? ఆఫీసరమ్మకి ఆ ఒక్క సంగతే తెలీదు. ముక్కూ మొహం తెలీనివాడి ముందు లేమి చెప్పుకోవచ్చు. రేపు పొద్దున్న మళ్ళీ మొహం చూడాల్సిన వాళ్ళ ముందు ఎవరు చెప్పుకుంటారు?

వీధి వీధంతా అదే తంతు. ఇల్లిల్లూ తిరిగేసరికి కాగితం మీద ఆ ప్రాంతం పచ్చగా కళకళలాడిపోయింది.

మనసు ఊరుకోక మొగుడికి మాత్రం అంతా విప్పి చెప్పింది. "మనింట్లో అయినా నిజం రాయించండి. మిగతావాళ్ళకి తెలీదు, మీకు తెలుసు. ఆ ఆసుపత్రి లేకపోతే మీ గతేంటి?" ఆయన సరేనన్నాడు.

సైకిలు షాపతను వచ్చిన రోజు ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. అది చూడగానే ఆవిడకి సంగతి అర్థమైపోయింది. ఆ సైకిలు షాపతను మిల్లులో ఈయన చేతి కింద పనివాడు. దారం తెగితే ముడి ఎలా వేయాలో ఈయనే తిట్టి తిట్టి నేర్పాడు.

"మేస్త్రీగారూ, పనీ పాటా ఏమైనా..." అని అతను కలం పట్టుకుని నసిగాడు.

"అదేం ప్రశ్నరా? మిల్లు మళ్ళీ తెరుస్తున్నారు. నన్ను సూపర్‌వైజరుగా రమ్మన్నారు. జీతం కూడా మొదలైంది, రాసుకో."

అని దగ్గు ఆపుకోవడానికి దవడలు బిగించాడు. మొహం కందిపోయింది. సైకిలు షాపతను తలెత్తి టైలరమ్మ వైపు చూశాడు. ఏం రాయమంటావని ఆ చూపు. ఒక్క మాట అంటే చాలు. ఆవిడ టీ గ్లాసు తెచ్చి అతని ముందు పెట్టింది.

"పంచదార సరిపోయిందో లేదో చూడు అన్నయ్యా," అంది.

అతను తల వంచుకుని రాసుకుని వెళ్ళిపోయాడు. ఆయన దగ్గు అప్పుడు కట్టలు తెంచుకుంది. తెరిపిన పడ్డాక, "వాడి ముందు ఎలా చెప్పనే?" అన్నాడు.

"ఇకనుంచి ఆ పరువే పీల్చుకుని బతకండి," అంది ఆవిడ. అని లోపలికి పోయి ఏడ్చింది. ఆయన మీద కోపంతో కొంత, తన నోరు కూడా పెగల్లేదన్న సిగ్గుతో ఎక్కువ.

కొన్నాళ్ళకి నివేదిక వచ్చింది, నున్నటి అట్టతో. జనాభా నిలకడగా ఉంది, ఇంటింటా సంపాదించే చేతులున్నాయి, ఆదాయం మెరుగ్గా ఉంది, ఇక ఈ ప్రాంతానికి ప్రత్యేక సాయం అక్కర్లేదు అని తేల్చారు. డాక్టర్ని ఇంకెక్కడికో మార్చారు. చిన్నాసుపత్రికి తాళం పడింది.

ఇప్పుడు ఆయనకి ఊపిరి కావాలంటే బస్సెక్కి పట్నం పోవాలి. ఆవిడ ఆయన్ని తీసుకెళ్ళిన రోజు బస్సులో వడ్రంగి కూడా ఉన్నాడు, కీళ్ళ నొప్పుల మందుకోసం.

"నువ్వు సరిగ్గానే రాసుంటావమ్మా," అన్నాడు పెద్ద మనసుతో. "పైవాళ్ళే ఏదో గోల్‌మాల్ చేసుంటారు."

"అవును మావయ్యా, పైవాళ్ళే," అని కిటికీ వైపు తిరిగింది.

పట్నం ఆసుపత్రిలో కౌంటరు వెనక ఓ కుర్రాడు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పనేంటి, సంపాదనెంత అని తలెత్తకుండానే అడిగాడు. మేస్త్రీ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. వడ్రంగి ఇంకా బయటే ఉన్నాడు. తెలిసిన మొహం ఒక్కటీ లేదు.

"పని లేదు బాబూ. మిల్లు మూసేసి ఏళ్ళయింది. చేతిలో చిల్లిగవ్వ లేదు. మా ఆవిడ పాతబట్టలు కుడితేనే మాకింత తిండి," అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో. ఇంట్లో ఏనాడూ ఆయన నోట వినని మాట అది.

కుర్రాడు తెర వైపు చూసి నవ్వాడు.

"మీ ప్రాంతం వాళ్ళంతా ఇక్కడికొచ్చి ఇదే పాట పాడతారేంటండీ? ఇక్కడ జనం లెక్కలో చూస్తే అందరూ ఉద్యోగస్తులే. ఉచితం అనగానే అబద్ధాలు మొదలు. మీకు ఫ్రీ వర్తించదు, డబ్బు కట్టి లోపలికెళ్ళండి."

మేస్త్రీ నోరు తెరిచాడు. దగ్గొచ్చింది. టైలరమ్మ ఆయన మొహంలోకి చూడకుండా పర్సు తీసింది.