గాజుల ఖాదర్ చూసిన వాపు

1961 ఫిబ్రవరి, గురువారం మధ్యాహ్నం. ధర్మవరంలో నేతపని చేసే వెంకటప్ప ఇల్లు. ఉన్నవారు: వెంకటప్ప; ఏడోనెల గర్భిణి అయిన అతని భార్య నాగరత్నమ్మ; అతని తల్లి సుబ్బమ్మ; సీమంతం కాగానే కూతుర్ని పురుటికి తీసుకుపోవాలని చిలమత్తూరు నుంచి వచ్చిన రామక్క; గాజులు తొడిగే ఖాదర్; పేరంటాళ్ళు పదిమంది దాకా; నేను. నేను ఆ ఊరి మిడ్‌వైఫ్‌ని, అంటే ఇళ్ళకు పోయి గర్భిణులను చూసి పురుళ్ళు పోసే ఉద్యోగిని. ఆ రోజు మాత్రం సీమంతం తాంబూలానికి పోయాను.

అంతకు పది రోజుల ముందు నాగరత్నమ్మ పాదాల వాపు చూశాను. భర్త పక్కన ఆమె కూడా మగ్గం మీద కూర్చునేది. పొద్దస్తమానం మగ్గం కింది గుంటలో కాళ్ళు వేలాడేసి కూర్చునే వాళ్ళకు అది మామూలే. కార్డులో ‘ఎడీమా, మగ్గం వల్ల, విశ్రాంతి’ అని రాశాను. ఎడీమా అంటే నీరు చేరిన వాపు. మూత్రం పరీక్ష చేయలేదు. చేయడానికి అడ్డమేమీ లేదు. కారణం తెలిసిపోయిందనుకున్నాను, అంతే.

ఖాదర్‌కు ఆ వీధి ఆడవాళ్ళ చేతి కొలతలన్నీ నోటికి వచ్చు. పెళ్ళినాడు నాగరత్నమ్మకు రెండుంబావు సైజు తొడిగినవాడు ఇప్పుడు రెండున్నర తీశాడు. కణుపుల దగ్గరే ఆగిపోయింది.

“అత్త సంగటి బాగానే ఒంటబట్టిండాది పో,” అని ఒకామె అనేసరికి అందరూ నవ్వారు.

ఖాదర్ నవ్వలేదు. నాగరత్నమ్మ మణికట్టు మీద బొటనవేలితో నొక్కి నాకు చూపించాడు. “నర్సమ్మా, ఇట్ల సూడు. గుంట పడతాండాది.”

“కాళ్ళూ వాచినాయి ఖాదరన్నా. మగ్గం మీద కూర్చుంటుంది కదా.”

“కాళ్ళంటే గుంటలో యాలాడతాయి. చేతులు యాడ యాలాడతాయమ్మా?”

నాగరత్నమ్మను తలనొప్పి ఉందా అని అడిగాను.

“నాలుగు దినాల నుంచి తలకాయి పగిలిపోతాండాదక్కా. ఈ శాస్త్రం అయిపోనీ అని చెప్పలే.”

ఇంటికి పోయి సంచి తెచ్చాను. టెస్ట్‌ట్యూబులో మూత్రం పోసి స్పిరిట్ దీపం మీద కాచితే పైభాగం గంజిలా తెల్లబడింది. అది ఆల్బుమిన్, రక్తంలో ఉండవలసిన మాంసకృత్తు. ఊరి డాక్టరు వచ్చి బి.పి. చూసి, చాలా ఎక్కువగా ఉందన్నాడు. నిద్రమందు ఇచ్చి, హిందూపురం ఆసుపత్రికి చీటీ రాసి, పొద్దున రైలుకు నన్ను తోడు పొమ్మన్నాడు. ఈ వాపు, బి.పి. ముదిరితే కళ్ళ ముందు మెరుపులు, ఆపైన ఫిట్స్ వస్తాయని, ఫిట్స్ వస్తే తల్లీ బిడ్డా దక్కడం కష్టమని నేను దాచకుండా చెప్పాను.

రామక్క ఒప్పుకోలేదు. “తొలికాన్పు తల్లింట్లో కావాల. ఆసుపత్రిలో పడేస్తే, బిడ్డకు ఇంత కూడు పెట్టలేకపాయె అంటారు ఊర్లో.”

“అననీలే వదినా. అనేవాళ్ళు వచ్చి కాపాడతారా?” అంది సుబ్బమ్మ.

“మా ఊర్లో మంత్రసాని ఉండాది. నాకు కానుపు చేసింది ఆమెనే.”

“ఫిట్స్‌కు ఆమె దగ్గర మందుందా?” అన్నాను. రామక్క మొహం తిప్పుకుంది.

వెంకటప్ప అన్నాడు: “చిలమత్తూరుకైనా హిందూపురంలో దిగి బస్సెక్కాల్సిందే గదత్తా. దిగినాక చెప్పు నీ మాట.”

ఖాదర్ అన్నిటికన్నా పెద్ద సైజు వెతికి, చేతికి అయిదేసి చొప్పున వదులుగా తొడిగి శాస్త్రం ముగించాడు.

మరునాడు పొద్దున రైల్లో కార్డు తీసి ‘మగ్గం వల్ల’ అన్న మాట కొట్టేశాను. తల్లీ బిడ్డా తరువాత క్షేమంగా బయటపడ్డారు గనుక నన్నెవరూ తప్పు పట్టలేదు. కానీ సులువుగా దొరికిన కారణాన్ని పరీక్ష చేయకుండా కార్డులో రాయకూడదని ఆ రోజే నేర్చుకున్నాను. ఆ తర్వాత ఎవరి కాళ్ళు వాచాయన్నా ముందు చేతులు చూసేదాన్ని.

పెనుకొండ దాటాక నాగరత్నమ్మ, “కండ్ల ముందర మెరుపులు వస్తాండాయమ్మా,” అంది. రామక్క కూతురి చేయి ఒళ్ళోకి తీసుకుని, ఖాదర్ నొక్కినట్టే బొటనవేలితో నొక్కింది. పడిన గుంట పూడేదాకా చూస్తూ కూర్చుంది.

హిందూపురం స్టేషను బయట జట్కావాడు మా మూటలు చూసి, “యాడికవ్వా, బస్సుల కాడికేనా?” అన్నాడు.

“ఆసుపత్రికప్పా,” అంది రామక్క. “కుదుపు లేకుండా పోనీ.”