పునాదిలో మా గంట

నేను రిటైరయ్యాక బందరు రైలు మార్గం చరిత్ర రాసుకుంటూ, ఆదివారాలు గుడివాడ దగ్గర ఒక పల్లె చర్చిలో హార్మోనియం వాయిస్తున్నాను. ఆ చర్చికి వేపచెట్టుకు వేలాడదీసిన పాత రైలు పట్టా ముక్కే గంట. దాన్ని కొడితే పలికే శ్రుతిలోనే అక్కడివాళ్లు తరతరాలుగా కీర్తనలు ఎత్తుకునేవారు. దాని మీది ఉబ్బెత్తు అక్షరాలు చూసి, అది మన లైను మొదట వేసినప్పటి పట్టా అని ఒకరోజు ఆరాధన అయ్యాక అందరికీ చెప్పాను. "ఇలాంటిది ఇంకెక్కడా మిగల్లేదు, కాపాడుకోండి" అన్నాను.

పోయిన వేసవంతా మోకాలి ఆపరేషనుతో బందరులో ఇంటిపట్టునే ఉండిపోయాను. తిరిగి వెళ్లేసరికి పాత చర్చి పడగొట్టి కొత్తది కట్టేశారు. వేపచెట్టుకు లౌడ్‌స్పీకరు ఉంది, పట్టా లేదు.

"గంటేదండీ?" అని సంఘపెద్దగారిని అడిగాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "మీరు కాపాడమన్నారు కదా మేష్టారూ. ఎవడైనా ఎత్తుకుపోతాడని భయమేసిందండి. అందుకే ప్రార్థన చేయించి, పునాదిలో పెట్టి కాంక్రీటు పోయించాం. ఇంకెవడూ కదపలేడు."

చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టి, సలహా ఇచ్చినందుకు నాకు శాలువా కప్పారు. నేను శాలువా సర్దుకుని "థాంక్సండీ" అన్నాను.

ఇప్పుడు లౌడ్‌స్పీకరులో రికార్డు గంట మోగుతుంది. పాట ఎవరికి తోచిన శ్రుతిలో వాళ్లు ఎత్తుకుంటారు. నేను హార్మోనియం మెట్లు తడుముకుంటూ వాళ్ల వెనకాల పడుతుంటాను. అసలు శ్రుతి నా కాళ్ల కిందే, చాలా భద్రంగా ఉంది.