దేవ్‌సింగ్ కాలు అతకని ఎండాకాలం

మిర్యాలగూడలో నేను కాటా దగ్గర తూకాల లెక్కలు రాసిన రైస్ మిల్లు హమాలీలకు ఒక కట్టుబాటు ఉండేది. బీడీ ముట్టించినవాడికే కూర్చొని అలుపు తీర్చుకునే హక్కు. ఊరికే కూర్చుంటే ముఠా మేస్త్రి వెంకన్న "ఏందిరా, అత్తగారిల్లనుకున్నవా?" అని లేపేవాడు. నోట్లో బీడీ ఉంటే మాత్రం అది అయిపోయేదాకా పల్లెత్తు మాట అనేవాడు కాదు. దామరచర్ల దగ్గరి తండా నుంచి పంతొమ్మిదేళ్లప్పుడు పనికొచ్చిన దేవ్‌సింగ్ మొదటి నెల తాగలేదు. నడుం పట్టేసింది. రెండో నెల బీడీ కట్ట కొన్నాడు. పొగ కోసం కాదు, కూర్చోవడానికి. నేను మిల్లులో చేరేనాటికి ఆయనకు నలభై ఆరు, రోజుకు రెండు కట్టలు.

తొంభై మూడు ఫిబ్రవరిలో తవుడు మీద కాలు జారి పడ్డాడు. వీపు మీద మూట కూడా లేదు. చూసినవాళ్లు నవ్వారు. లేవబోతే మోకాలి కింద కాలు ఒక పక్కకు తిరిగిపోయింది. నవ్వినవాళ్లే పట్టుకొని లేపారు.

కోదాడ దగ్గర పసరు కట్టు కట్టే రామనర్సయ్య వెదురుబద్దలు పెట్టి కట్టాడు. మంచంలో దేవ్‌సింగ్‌కు వేరే పని లేదు. బీడీ తాగితే నొప్పి తెలియదని నమ్మాడు. రెండు కట్టలు మూడయ్యాయి. రెండు నెలల తర్వాత కట్టు విప్పిన రామనర్సయ్య ఎముకను తడిమి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"లోపల ఇంకా ఆడతా ఉందయ్యా. నా చేతిలో ఇట్టాంటిది ఎప్పుడూ కాలేదు. సూర్యాపేట తీసుకెళ్లండి, ఆలస్యం చెయ్యమాకండి."

డిగ్రీ మధ్యలో వదిలేసినా కాగితాలు చదవగలనని నన్నూ వెంట తీసుకుపోయారు. సూర్యాపేటలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకు పెట్టాడు. రెండు ఎముక ముక్కల మధ్య నల్లటి సందు. డాక్టరు కాని నాకూ కనపడింది.

"బీడీలు ఎన్ని తాగుతావు?"

దేవ్‌సింగ్ బిత్తరపోయాడు. "ఇరిగింది కాలు గద సారూ. బీడీ పొగ పోయేది ఛాతిలకు."

"పొగకు రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఎముకకు రక్తం సరిగా అందదు. అందకపోతే అతకడం కష్టం. ఎముకలు గుల్లబారడం ముసలి ఆడవాళ్లకే అనుకుంటారు. నీ కాలి ఎముకలు కూడా పలచబడ్డాయి, చూడు." డాక్టరు కాలికి సిమెంటు కట్టు వేయించాడు. "ఆరు వారాలు. ఒక్క బీడీ ముట్టొద్దు. అప్పటికీ కలవకపోతే హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి రాడ్డు వేయాలి. అందులో చీము పడితే కాలు దక్కుతుందని నేను చెప్పలేను."

 తిరుగు బస్సులో దేవ్‌సింగ్ నా చెవి దగ్గరికి వంగి అడిగాడు.

"కాలు కోస్తే, ఆ కాలును ఏం జేస్తరు బిడ్డా? కాలవెడ్తరా, మనకే ఇస్తరా?"

 ఆ రోజు నుంచి దేవ్‌సింగ్ బీడీ మానేశాడు.  ఆ చిరాకుకు అన్నం పళ్లెం విసిరేసేవాడు. భార్య జమ్లీ మెతుకులు ఏరుకొని మళ్లీ వడ్డించేది.

నాలుగో వారం ముఠా అంతా చూడటానికి వచ్చింది. రోగిని చూడబోయేవాళ్లు అరటిపండ్లు తీసుకుపోతారు. మావాళ్లు తలో బీడీ కట్ట తెచ్చారు, ప్రేమతోనే. మంచం మీద పన్నెండు కట్టలు.

"ఆ డాక్టరు ఎన్నడన్న మూట మోసిండా?" అన్నాడు వెంకన్న. "నీ జాగల లచ్చిరాంను పెట్టిన. వాడు సగం మూటకే మూలుగుతుండు. జల్ది రా మామా. గీ ఒక్కటి తాగు, మా ముందర."

అందరూ చూస్తున్నారు. దేవ్‌సింగ్ బీడీ తీసి నోట్లో పెట్టుకున్నాడు. వెంకన్న అగ్గిపుల్ల గీశాడు.  జమ్లీ గూట్లోంచి ఎక్స్‌రే ఫిల్ము తీసి, వాకిట్లో ఎండకు ఎత్తి పట్టుకుంది.

"తాగు. గీ సందు దిక్కు సూసుకుంట తాగు."

పుల్ల వెంకన్న వేళ్ల దాకా కాలింది. దేవ్‌సింగ్ నోట్లోంచి బీడీ ఒళ్లో పడింది. ముఖం పాలిపోయి ఉంది. "తీస్కపోండ్రి," అన్నాడు. "అన్నీ తీస్కపోండ్రి. నాకు బుగులైతుంది." ముఠాలో అంత మోటు మనిషి భయమన్న మాట అనగా నేను ఎన్నడూ వినలేదు. వెంకన్న కట్టలన్నీ తువ్వాలలో మూటగట్టుకొని వెళ్లిపోయాడు.

ఆరు వారాలు నిండాక సూర్యాపేటలో సిమెంటు కట్టు కోశారు. లోపలి కాలు జొన్నదంటులా ఉంది. కొత్త ఫిల్ము చూసి డాక్టరు, "సందులో కొత్త ఎముక పొర కట్టింది. నిలబడొచ్చు. బీడీ ముడితే మాత్రం మళ్లీ మొదటికే. మూటలు ఇక జన్మలో వద్దు," అన్నాడు.

మూటల మాట దేవ్‌సింగ్ విన్నట్టు లేదు. బల్ల అంచున కూర్చొని, కాలును నేలకు జానెడు పైన ఆపాడు.

"పెట్టయ్యా," అంది జమ్లీ.

"ఇరుగుతదే."

"ఇరగదని చెప్తుండు గద!"

క్వింటాలు మూటతో లారీకి ఆనించిన ఊగే బల్ల ఎక్కినవాడు, తన సొంత బరువుకు భయపడి చెమటలు కక్కుతున్నాడు. జమ్లీ భుజం పట్టుకొని మడమ ఆనించాడు. తర్వాత పాదం. కళ్లు గట్టిగా మూసుకొని, లోపల ఏదన్నా చప్పుడవుతుందేమోనని చెవి ఒగ్గాడు. నేనూ చెవి ఒగ్గాను. ఏ చప్పుడూ కాలేదు.

"ఇంకో అడుగు," అన్నాడు డాక్టరు.

"ఇయ్యాల్టికి గిది సాలు సారూ," అన్నాడు దేవ్‌సింగ్, కళ్లు తెరవకుండానే.